పట్టాలకి వీపు పెట్టి

మొన్న ఏలూరు పాత బస్టాండు ఎదురుగా రోడ్డు దాటబోతూ ఆగిపోయాను. అవతలి అంచున ఒకావిడ, వచ్చేపోయే బండ్లకి వీపు పెట్టి, రెండు చేతులూ బార్లా చాపి బడిపిల్లల్ని ఆపుతోంది. నాకు ఆవిడ వీపొక్కటే కనిపించింది. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది, హారన్ మీట కోసం. అక్కడ మీటెక్కడిది, చేతిలో మందుల సంచి తప్ప! పక్కనున్న పెద్దమనిషి నేను బస్సు ఆపుతున్నాననుకుని, "అది నూజివీడు బస్సండీ, మీరెటు వెళ్ళాలి?" అన్నాడు. ఎటు వెళ్ళాలో నాకే ఒక్క క్షణం గుర్తు రాలేదు.

రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. ఉద్యోగంలో చివరి ఏళ్ళు భీమవరం, గుడివాడల మధ్య రైలుబస్సు నడిపాను. కాగితాల మీద దాని పేరు వేరే. జనం పెట్టిన పేరు రైలుబస్సు, అదే సరైన పేరు. పెద్ద ఇంజను లేదు, పొడుగాటి పెట్టెల వరస లేదు. డీజిల్ ఇంజను నేల కిందే దాక్కుని ఉంటుంది. డ్రైవరు గది రెండు కొసల్లోనూ ఉంటుంది కాబట్టి చివరి స్టేషన్లో బండిని తిప్పే పని లేదు. నేను సంచీ, మీట పిడీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకి వస్తే చాలు, తోక తలైపోతుంది. ప్రతి హాల్టులోనూ ఆగేవాళ్ళం. హాల్టంటే కాస్త ఎత్తుచేసిన మట్టిదిబ్బ, టిక్కెట్లమ్మే రేకుల గది, ఒక కుళాయి.

ఒంటి లైను అది. ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా స్టేషను మాస్టరు తోలుసంచిలో పెట్టి ఒక ఇనపగుండు ఇస్తాడు. అది చేతిలో ఉంటేనే ముందుకి కదలాలి. ఆ గుండు మన దగ్గర ఉన్నంతసేపూ ఆ ముక్కలోకి ఇంకో బండి రాదు. రైలూ రైలూ గుద్దుకోకుండా అంత జాగ్రత్త. మరి రైలూ ఆటో గుద్దుకోకుండా ఏముంది? ఆకివీడు దాటి కైకలూరు వైపు వెళ్తుంటే ఒక హాల్టుకి ముందు, కొల్లేటి చెరువుల నుంచి వచ్చే మట్టిరోడ్డు పట్టాలు దాటేచోట, ఆవిడ ఉండేది. ఆవిడ తప్ప ఇంకేమీ లేదు.

దాన్ని మేం కాపలా లేని గేటు అనేవాళ్ళం. గేటే లేనిచోట గేటు అనే మాట ఎందుకో ఆ మాట రాసినవాళ్ళనే అడగాలి. రెండు స్తంభాలు, ఆగి చూసి దాటమని ఒక బోర్డు. దానికి చాలా ముందు డ్రైవర్ల కోసం పసుపురంగు విజిల్ బోర్డు. అది రాగానే హారన్ కొట్టాలి. రైల్వే బాధ్యత అక్కడికి తీరిపోయినట్టే.

నేను ఆ లైనుకి కొత్తగా వచ్చిన రోజుల్లో, భీమవరం ప్లాట్‌ఫారం మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తుంటే ఒకావిడ అడ్డం వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. వెలిసిన తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. చెరువుల్లో పనిచేసినవాళ్ళ పాదాలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి పాదాలు, వేళ్ళ మధ్య తెల్లగా ఒరుసుకుపోయి.

"ఏవండీ, కొత్తగా వచ్చిన డ్రైవరు బాబుగారు మీరేనాండీ?"

"నేనే. ఏం కావాలమ్మా?"

"మా గేటు దగ్గర హారను కొంచెం సాగదీసి కొట్టండి బాబూ. మీ ముందాయన పిట్ట కూసినట్టు కూసి వదిలేసేవారండీ."

నాకు ముక్కు మీద కోపం. డ్యూటీలో ఉన్నవాడికి బయటివాళ్ళు పని నేర్పితే అసలు పడదు. "రూలు ప్రకారం ఎంత కొట్టాలో అంత కొడతామమ్మా" అన్నాను.

"రూలు మీదండీ. చెవులు మావండీ."

అంతే అంది. దణ్ణం పెట్టి, అదే బండిలో వెనక పెట్టె ఎక్కి కూచుంది. ఆ ఒక్కమాట చెప్పడానికి అంతదూరం వచ్చిందన్నమాట. దార్లో గార్డు చెప్పాడు ఆవిడెవరో. కొంతకాలం కిందట అదే గేటు మీద రైలుబస్సు ఒక ఆటోని కొట్టింది. చెరువు పనికి వెళ్తున్న ఆడకూలీలు ముగ్గురు, ఆటో నడిపేవాడు, నలుగురూ అక్కడికక్కడే పోయారు. "ఆ నడిపినవాడి తల్లండీ ఈవిడ" అన్నాడు గార్డు. పోయినవాళ్ళందరిదీ ఒకే ఊరు. తక్కిన మూడిళ్ళ వాళ్ళకీ కళ్ళెదుట మిగిలిన దోషి ఈవిడే.

ఆ రోజు నుంచి మా బండి వెళ్ళే ప్రతిసారీ ఆవిణ్ణి చూశాను. చూశాననడం కూడా తప్పే. పొలాల వైపు నుంచి వచ్చేవాళ్ళకి పట్టాలు మొదటి నుంచీ కనపడేవి కాబట్టి ఆవిడ చెరువుల వైపే నిలబడేది. పట్టాలకి వీపు పెట్టి, రోడ్డుకి అడ్డంగా చేతులు చాపి. ఎటు నుంచి వెళ్ళినా ముఖం కనపడేది కాదు. ఒక ముడి, ఒక చెవి, ఎండకి నల్లబడిన మెడ. నేను విజిల్ బోర్డు దాటే వేళకి కుడిచెయ్యి పైకి లేచి గాలిలో తాడు లాగినట్టు లాగేది. పాత బొగ్గింజన్ల కాలంలో డ్రైవర్లు కూత తాడు లాగడం చూసిందేమో మరి. నేను మీట నొక్కితే చెయ్యి దిగేది. నొక్కడం ఆపానో, మళ్ళీ లేచేది. గేటు దాటేదాకా నా చేత కొట్టించేది. మొదట్లో చిరాకు పడ్డాను. తరవాత తరవాత ఆ చెయ్యి లేవకముందే కొట్టడం మొదలుపెట్టాను. అయినా ఆవిడ చెయ్యి లేచేది.

మొదట్లో ఆవిడ వల తాడొకటి రోడ్డుకి అడ్డంగా కట్టి, బండి వచ్చే వేళకి పైకి లాగి పట్టుకునేదట. దారికి అడ్డం కట్టడానికి నువ్వెవరివని పట్టాల పని చూసే గ్యాంగు మేస్త్రీ తాడు విప్పించేశాడు. రైల్వే మనిషి కాని మనిషి గేటు వెయ్యకూడదు. రైల్వే గేటు పెట్టదు. అప్పటి నుంచి చేతులే.

బండికీ బండికీ మధ్య ఖాళీలో రోడ్డు పక్క రాయి మీద కూచుని, చేపల మేత వచ్చే ఖాళీ సంచులు విప్పి పరదాలుగా కుట్టేది. ఊళ్ళో కళ్ళాల మీద కప్పుకోవడానికి అవి కొనుక్కునేవారు. ఆదివారం గుడి ఆరాధనా, మా పొద్దుటి బండీ ఒకే వేళకి రావడంతో గుడికి వెళ్ళడం మానేసింది. పాస్టరుగారు కోప్పడ్డారు. కోప్పడినా, నెలకోసారి ప్రభువు బల్ల ఇచ్చే రోజున రొట్టెముక్కా ద్రాక్షరసం పట్టుకుని ఆయనే సైకిలు మీద గేటుకి వచ్చేవారు. ఆవిడ కళ్ళు తెరిచే తీసుకునేదట. "ప్రార్థనకైనా సరే, కళ్ళు మూసుకోవాలంటే నాకు భయం బాబూ" అని నాతో ఒకసారి అంది.

అన్ని రైళ్ళకీ నిలబడేది కాదు. ఎక్స్‌ప్రెస్సులకీ గూడ్సుకీ అంత కంగారు పడేది కాదు. "గూడ్సు తన సంగతి తనే చెప్పుకుంటాదండీ, ఆకివీడులో బయల్దేరితే మా గిన్నెలు కదులుతాయి. మీ రైలుబస్సే దొంగలాగా వస్తాది" అనేది. నిజమే. అంత తేలిక బండి. ఎదురుగాలి ఉంటే దగ్గరికి వచ్చేదాకా వినపడదు.

ఇవన్నీ నాతో ఎప్పుడంది? ఒక మధ్యాహ్నం ఆ గేటు దాటి రెండు పెట్టెల దూరం వెళ్ళగానే మా బండి ఇంజను ఆగిపోయింది. దానికది అలవాటే. గార్డు ఫోను కోసం హాల్టు దాటి స్టేషను వైపు నడిచాడు. ప్రయాణికులు దిగి తుమ్మచెట్ల నీడకి చేరారు. నేను వెనక్కి నడిచి ఆవిడ రాయి దగ్గరికి వెళ్ళాను. చచ్చిన బండి పట్టాల మీద కళ్ళెదుట కనపడుతూనే ఉంది, ఆవిడ మాత్రం చేతులు దించలేదు.

"అది కదలదమ్మా, దించండి" అన్నాను.

"మీరు కదిలించేస్తారేమోనని."

అప్పుడే చెరువుల వైపు నుంచి ఒక ఆటో వచ్చింది. నడిపేవాడు ముప్ఫై అయిదేళ్ళ మనిషి, గుబురు మీసం, ఖాకీ చొక్కా. ఆగిపోయిన రైలునీ, చాపిన చేతుల్నీ చూసి ఆటోలోంచి తల బైటికి పెట్టాడు.

"పాడైపోయిన బండికి కూడా ఆపుతావా? తప్పుకో."

ఆవిడ తప్పుకోలేదు.

"ఊరందరినీ ఆపుతావు కదా. నీ కొడుకు ఆపాడా?"

ఏదో అనబోయాను. ఆవిడ నా వైపు తల తిప్పకుండానే వద్దన్నట్టు వేళ్ళు కదిపింది. అతను ఆటోని రోడ్డు దింపి, ఆవిడ చేతికొసని దాదాపు రాసుకుంటూ దాటించుకుని వెళ్ళిపోయాడు. అప్పటికిగాని ఆవిడ చేతులు దించలేదు.

"వాడి పెళ్ళాం ఆ ఆటోలోనే పోయింది బాబూ" అంది. "వరసకి నాకు మేనల్లుడు. ఇదివరకు అత్తా అత్తా అని మా ఇంట్లోనే తిరిగేవాడు. ఇప్పుడు పిలుపు లేదు. వాడన్నదాంట్లో తప్పేముందండీ? మావాడు ఆపలేదు కదా."

కాసేపు సంచి కుట్టింది. సూది గుచ్చిన చోటే మళ్ళీ గుచ్చుతోంది.

"ఆపినా కనపడేది కాదండీ. అదిగో, ఆ ఖాళీ ఉంది చూడండి. అక్కడ చెరువు గట్టుండేది, ఆటో కంటే ఎత్తు. దాని మీద సర్కారుతుమ్మ. పట్టాల మీదికి ముందు చక్రం ఎక్కితేగానీ బండి కనపడేది కాదు. గట్టు అంత ఎత్తు లేపొద్దని చెరువుగలాయన్ని మావాడే అడిగాడు. ఎవరు వింటారు?"

నేను అటు చూశాను. గట్టు లేదు, తుమ్మ లేదు. పట్టాలు ఆకివీడు దాకా గీత గీసినట్టు కనపడుతున్నాయి. కొల్లేటిలో అక్రమంగా తవ్వారంటూ సర్కారు చెరువుల గట్లన్నీ యంత్రాలు పెట్టి కొట్టేసిన ఏడాది దీన్నీ కొట్టేశారు.

"పోనీలెండి, ఇప్పుడు బాగానే కనపడుతోంది" అన్నాను, ఓదార్పుగా.

ఆవిడ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "అదేనండీ. ఇప్పుడు చూసినవాళ్ళంతా, ఇంత దూరం కనపడుతుంటే నీ కొడుక్కి కళ్ళు లేవా అంటున్నారు. గట్టు ఉన్నన్నాళ్ళూ నా మాటకి సాక్ష్యం ఉండేది బాబూ. దాన్నీ తవ్వేశారు."

ఓదార్పు మాటలు నాకెప్పుడూ చేతకావు. ఆ రోజు నోరు తెరిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అడక్కూడదనిపించినా ఇంకోమాట అడిగాను: రైలు వస్తుంటే అటు చూడకుండా వీపు పెట్టి ఎందుకు నిలబడతారని.

"రైలుని చూస్తే ఏముందండీ, అది ఆగేది కాదు. ఆగాల్సినోళ్ళని చూడాలి."

ఆవిడకి కావలసింది ఒక్కటే. గేటు. నిజం గేటు, అడ్డకర్రా, దాన్ని దించే మనిషీ. కొడుకు ఎలాగూ రాడు. ఆ దారిలో ఇంకొకడు పోకుండా ఉంటే చాలు. పాస్టరుగారు రాసిచ్చిన అర్జీలు ఎవరెవరికో ఇచ్చింది. చివరికొక రోజు రైల్వేవాళ్ళు వచ్చారు. గేటు పెట్టాలంటే ఆ దారిన ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో ముందు లెక్క తియ్యాలి. అది పద్ధతి. కొన్నాళ్ళపాటు ఇద్దరు మనుషులు గొడుగు వేసుకుని కూచుని, దాటే ప్రతి బండికీ ఒక గీత గీస్తారు. తగినన్ని గీతలు పడితే గేటు, లేకపోతే లేదు.

ఆ రోజుల్లో ఆవిణ్ణి చూసి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అన్నేళ్ళు ఆగండి ఆగండి అన్న మనిషి, ఇంటింటికీ వెళ్ళి దాటండి దాటండి అని బతిమాలింది. పనున్నా లేకపోయినా గేటు దాటి వెళ్ళి రండని. పోయినవాళ్ళ మూడిళ్ళకీ వెళ్ళింది. రెండిళ్ళు తలుపు తియ్యలేదు. మూడోది ఆ మీసాలాయన ఇల్లు. తలుపు తీశాడు, విన్నాడు, ఏమీ అనకుండా వేసేశాడు. కానీ మర్నాడు నా బండి వెళ్ళేసరికి అతని ఆటో ఖాళీగా గేటు దాటి వెళ్తోంది. తిరిగొచ్చేసరికి ఖాళీగానే ఇటు దాటుతోంది. నా కళ్ళతో చూశాను.

ఖాళీ ఆటో ఎంతని తిరుగుతుంది? గీతలు పడాలంటే చేపల లారీలు రావాలి. చెరువులుంటేగా లారీలు రావడానికి! గట్లు కొట్టేశాక ఆ రోడ్డు మీద చేపలూ లేవు, మంచుగడ్డల బళ్ళూ లేవు. పని వెతుక్కుంటూ సగం ఊరు తణుకు వైపూ ఇంకెటో వెళ్ళిపోయింది. ఆ లెక్క తీయించిన ఇనస్పెక్టరుగారు నాకు తెలిసినవాడే. భీమవరంలో కనపడితే అడిగాను.

"రాదండీ" అన్నాడు టీ ఊదుకుంటూ. "బండ్లు చాలలేదు. పైగా ఈమధ్య అక్కడ యాక్సిడెంట్లు కూడా ఏం లేవు కదా."

"ఎందుకు లేవో తెలుసా మీకు?" అని అరిచాను. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళంతా చూశారు. ఆయన తప్పేమీ లేదు పాపం. గీతలు ఎన్నో ఆయన చూశాడు. అక్కడ నిలబడ్డ మనిషిని ఏ గడిలో వెయ్యాలో ఆయనకీ తెలీదు.

ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు. మర్నాడు కూడా అక్కడే ఉంది. చెయ్యి లేచింది, తాడు లాగింది. భుజం మాత్రం కాస్త వంగినట్టనిపించింది.

ఆ తరవాతి వర్షాకాలం. మబ్బు పట్టిన ఉదయం, మొదటి ట్రిప్పు. విజిల్ బోర్డు దగ్గర హారన్ మొదలుపెట్టాను. ఎదురుగా గేటు కనపడుతోంది. వీపు లేదు. రాయి ఖాళీగా ఉంది. దారంతా ఖాళీగానే ఉంది, ఏ ప్రమాదమూ లేదు. అయినా స్పీడు మీట వెనక్కి లాగి బ్రేకు వేసేశాను. పెట్టెల్లో జనం ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. బండి ఇంకా జారుతూనే ఉంది. వానలకి ఏపుగా పెరిగిన కిక్కిసగడ్డి వెనక నుంచి ఆ మీసాలాయన ఆటో వచ్చింది. కంగారేమీ లేదు, నిదానంగా పట్టాలెక్కింది. నడిపేవాడు మా వైపు చూడనే లేదు. ఆవిడ నిలబడే చోటు వైపు చూస్తూ ఎక్కాడు. నా హారన్ మోగుతూనే ఉంది, అతను వినలేదు. ఆటో వెనక చక్రాలు పట్టాల మధ్య ఉండగా మా బండి ఆగింది. కిందికి దిగితే, చెయ్యి చాపితే ఆటో తగిలేంత దగ్గర. లోపల ఆడవాళ్ళు నోటికి కొంగులడ్డం పెట్టుకుని కూచున్నారు. ఒక్కళ్ళూ ఏడవడం లేదు.

"కళ్ళు లేవా నీకు? చెవులు లేవా?" అని అతని చొక్కా పట్టుకున్నాను.

అతని ముఖంలో నెత్తురు లేదు. "ఆవిడ లేదు కదండీ" అన్నాడు. "ఆవిడ లేదంటే బండి రాదనుకున్నామండీ."

ఆ మాటకి నా చెయ్యి వదిలిపోయింది. అన్నేళ్ళుగా ఆ ఊరు పట్టాల వైపు చూడ్డం మానేసింది. ఆవిడ అడ్డం నిలబడితే ఆగాలి, లేకపోతే వెళ్ళాలి. ఆవిణ్ణి తిట్టినవాళ్ళు, రాసుకుంటూ పోయినవాళ్ళు, పిలుపు మానేసినవాళ్ళు, అందరికీ ఆవిడే సిగ్నలైపోయింది. సిగ్నల్‌కి జ్వరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. రెండు రోజులుగా జ్వరమని ఆటోలో ఒకామె నెమ్మదిగా చెప్పింది.

మర్నాడు ఖాళీగా ఉన్న గేటుని హారన్ కొడుతూ నడక వేగంతో దాటి, హాల్టులో బండి ఆపేసరికి ఆవిడ టిక్కెట్ల గది గోడకి ఆనుకుని నిలబడి ఉంది. దుప్పటి కప్పుకుంది. కళ్ళు లోపలికి పోయాయి. నా డ్రైవరు గది దగ్గరికి వచ్చి చువ్వ పట్టుకుంది.

"నిన్న మా మేనల్లుడు వచ్చి కేకలేశాడు బాబూ. రాకపోతే రానని ముందు చెప్పొద్దా, మనుషుల్ని చంపుదామనా అన్నాడు."

"వాడికి బుద్ధి లేదమ్మా. మీరు పట్టించుకోకండి. ఈ బండెక్కండి, కైకలూరులో దిగి ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళండి. గార్డుకి నేను చెప్తాను."

ఆవిడకి నా మాట వినపడినట్టు లేదు. "మంచి చేస్తున్నాననుకున్నానండీ. నేను నిలబడి నిలబడి వాళ్ళ చూపు తీసేశాను. కళ్ళున్నోళ్ళని గుడ్డోళ్ళని చేశాను. ఇంక నేను ఒక్కపూట మానినా ఎవరో ఒకరు పోతారు. మావాడు నలుగుర్నే తీసుకుపోయాడు. నేను ఎంతమందిని తీసుకుపోతానో."

"అలా అనకండమ్మా."

"మానకుండా ఉండాలంటే చావకుండా ఉండాలి కదా బాబూ. అదెలాగో చెప్పండి. చదువుకున్నోరు."

గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు. అవతలి స్టేషన్లో ఎదురుబండి మా కోసం నిలబడి ఉంది. "బండెక్కండమ్మా, ముందు ఎక్కండి" అని కోపంగా అరిచాను. నాకు బాధ కోపంగానే వస్తుంది, ఏం చెయ్యను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నేను ఏలూరు వెళ్తే మధ్యాన్నం బండికి ఎవరున్నారండీ?"

చువ్వ వదిలేసింది. బండి కదిలాక వెనక్కి చూస్తే, మట్టిదిబ్బ దిగి పట్టాల పక్కనే గేటు వైపు నడుస్తోంది. నాలుగడుగులు వెయ్యడం, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు.

ఆ వారమంతా అక్కడికి వచ్చేసరికి బండి నెమ్మది చేసుకునేవాణ్ణి. ఆలస్యమైతే నన్నే అడగనీ అనుకున్నాను. కానీ ఆ లైను మీద డ్రైవర్ని నేనొక్కణ్ణే కాదు కదా. ఆవిడ నిలబడడం మానేసి రాయి మీదే కూచుంటోంది. బోర్డు స్తంభానికి వీపు ఆనించి, రోడ్డు వైపు ముఖం పెట్టి. ఒళ్ళో మేత సంచి, కుట్టడం ఆపి దాని మీద రెండు చేతులూ. ఆవిడ అలా కూచుంటే బండి వస్తోందని ఊరు ఆగేది. మేం రాగానే కుడిచెయ్యి కాస్త లేచేది, చెవి దాకా, తరవాత భుజం దాకా. అయినా లాగేది.

చివరి రోజు నాకు బాగా గుర్తుంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. దూరం నుంచే ఆవిణ్ణి చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఉంది. రాయి మీదే ఉంది. తెల్లచీర, తల కాస్త ముందుకి వాలి. రోడ్డు మీద ఆటోలు రెండు, వాటి వెనక గడ్డిమోపులతో సైకిళ్ళు, మేకల్ని తోలుకుని ఒక ముసలాయన, అందరూ ఆవిడకి ఎదురుగా బుద్ధిగా ఆగి ఉన్నారు. అంతమంది అంత కుదురుగా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. విజిల్ బోర్డు దగ్గర హారన్ మొదలుపెట్టాను. చెయ్యి లేవలేదు. ఓపిక లేదేమోలే అనుకున్నాను. లేస్తుందని గేటు దాటేదాకా కొడుతూనే ఉన్నాను.

తిరుగు ట్రిప్పులో హాల్టులో ఆగేసరికి మీసాలాయన నా గది కింద నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. రెండు చేతులూ కట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు.

"అత్త పోయిందండీ" అన్నాడు. "ఎప్పుడు పోయిందో మాకు తెలీలేదండీ. అక్కడే కూచునుంది కదా అని, మీ బండి వెళ్ళేదాకా అందరం ఆగే ఉన్నామండీ."